కిటికీ పక్క చోటు

నవంబరు 4

నోటితో అరవడానికి ఊపిరి చాలడం లేదు కాబట్టి ఇకనుంచి కాగితం మీద అరుస్తాను. దారాల ఏజెంటు ఎప్పుడో ఊరికే ఇచ్చిన పాత డైరీ ఇది. తేదీలు కొట్టేసి రాసుకుంటున్నాను. షాపులో గుండీల డబ్బాల వెనక దాస్తాను. దీన్ని ఎవరూ చదవకూడదు. బావ అసలు చదవకూడదు. చదివావో, చేతులు విరగ్గొడతా.

న్యుమోనియా తగ్గిందని అందరూ అంటున్నారు. తగ్గింది జబ్బు కాదు, నేను. ఎడమ ఊపిరితిత్తి అడుగుభాగం గట్టిపడిపోయిందట. "ఉన్నదాంతో సర్దుకోవాలమ్మా," అంది డాక్టరమ్మ. గుడ్డ చాలనప్పుడు కస్టమర్లకి నేను చెప్పే మాట అది. తీసుకొచ్చి నాకే చెప్తుందా! షాపు మెట్లెక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వస్తోంది. ఒక్క ప్యాంటు కత్తిరించేసరికి ఆయాసం.

అన్నిటికంటే పెద్ద నష్టం తిట్లు. ఈ వీధిలో నా నోటికి జడవని మనిషి లేడు. ఇప్పుడు తిట్టు సగంలో ఆగిపోతోంది. ఈ పొద్దున బావ మళ్లీ చొక్కా గుండీలు విప్పకుండా తలమీంచి లాగేశాడు. ఒకటి తెగి మంచం కిందికి దొర్లింది.

"టైలర్ని కట్టుకున్నావు కదా, తెగితే కుట్టి చస్తుందిలే అని ధీమా! నీకెన్నిసార్లు చెప్పాలి, బుద్ధి లేని..." అని ఊపిరందక గోడ పట్టుకున్నాను.

"వెధవా," అని బావే పూర్తిచేశాడు, తల దువ్వుకుంటూ.

నవ్వొచ్చింది, నవ్వుకి దగ్గొచ్చింది. చిన్నప్పటినుంచీ "బావా, నువ్వు" అని పిలిచి అలవాటు. పెళ్లయ్యాక కూడా "ఏవండీ" అనడానికి నోరు తిరగలేదు. ఈ మొహానికి "అండీ" ఒకటి తక్కువ.

నవంబరు 6

కాజాలక్క ఇవాళ కొత్త సంగతి మోసుకొచ్చింది. మా షాపులో కాజాలు, చేతికుట్లు చూసే మనిషి. నాకంటే పెద్దది. ఎవరింట్లో ఏం ఉడుకుతుందో దీనికి ముందే తెలుస్తుంది.

మూతపడిన ప్రింటింగ్ ప్రెస్సు మేడమీద పొద్దున్నే క్లాసు జరుగుతోందట. చీగాంగ్ అట. చైనావాళ్ల ఊపిరి కసరత్తు. చేతులు మెల్లగా ఎత్తుతూ దించుతూ గాలి పీల్చాలట. నేర్పేది ఓడ మాస్టారు. ఓడల్లో ఇంజన్ గదిలో పనిచేసి రిటైరైన మనిషి. ఓడ పాడై చైనా రేవులో నెలలకొద్దీ ఆగిపోయినప్పుడు అక్కడి ముసలి వంటమనిషి ఒకాయన దగ్గర నేర్చుకున్నాడట.

బావకి చెప్పాను. "ఊపిరి పీల్చడానికి కూడా ట్యూషనా? పుట్టినప్పుడు ఎవరు నేర్పారే నీకు?" అన్నాడు. ఆయనగారి సొంత తెలివి కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టడంతోనే అయిపోయింది.

రేపటినుంచి వెళ్తున్నాను.

నవంబరు 7

పెద్ద హాలు. ఇప్పటికీ సిరా వాసన కొడుతోంది. నేలమీద తెల్ల పెయింటుతో సున్నాలు గీసి ఉన్నాయి, ఎవరి సున్నా వాళ్లది. నాది స్తంభం పక్కన, గాలి ఆడని మూల. కొత్తవాళ్లకి దక్కేది అంతే.

మాస్టారు మూడు మాటలు చెప్పాడు. మొదలుపెట్టాక ఎవరూ మాట్లాడకూడదు. చోటు మారకూడదు. ముగింపు చెయ్యకుండా కదలకూడదు. ముగింపు అంటే, చేతులు రెండూ తలమీదికి ఎత్తి, మొహం ముందునుంచి, గుండె ముందునుంచి మెల్లగా దించి, బొడ్డు కింద ఒకదానిమీద ఒకటి పెట్టి ఆగడం.

"తలుపు తీసినవాళ్లే వేసి వెళ్లాలమ్మా," అన్నాడు. "తీసి వదిలేస్తే లోపలికి ఎవరొస్తారో మనకి తెలీదు."

దొంగలొస్తారా మాస్టారూ అని అడుగుదామనుకున్నాను. అందరూ గంభీరంగా ఉన్నారని ఊరుకున్నాను.

"ఆకాశాన్ని ఎత్తడం" అనేది మొదటి కదలిక. నేను ఎత్తిన ఆకాశం భుజాల దాకా కూడా రాలేదు.

కిటికీ పక్కన ఒక సున్నా ఖాళీగా ఉంది. హాలంతటికీ గాలి వచ్చే చోటు అదొక్కటే. దాని వెనక సున్నాలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న సన్నటి మనిషి నిలబడతాడు. నాలుగు రోడ్ల దగ్గర మందుల షాపాయన. కళ్లు ఎప్పుడూ ముందున్న ఆ ఖాళీ మీదే.

"వాళ్లావిడ చోటు," అంది కాజాలక్క షాపుకొచ్చాక. "పోయినేడాది క్లాసు మధ్యలోనే పడిపోయింది పాపం. ఆయన అడిగాడని మాస్టారు అలాగే ఉంచేశాడు."

నవంబరు 12

చెట్టుని కౌగిలించుకున్నట్టు నిలబడ్డాను. విల్లు లాగాను. మబ్బుల్ని పక్కకి నెట్టాను. ఊపిరి మాత్రం గొంతులోనే కూర్చుంది.

నవంబరు 16

క్లాసులో ఊపిరి ఇంతే, షాపు మెట్లమీదా ఇంతే. ఇంతమంది హాయిగా పీల్చి వదులుతుంటే ఏడుపొచ్చింది.

నవంబరు 19

ఇవాళ ఆలస్యమైంది. నేను వెళ్లేసరికి అందరూ చేతులెత్తేశారు. స్తంభం పక్కన పైకప్పు కారి నా సున్నా నిండా నీళ్లు. ఎక్కడ నిలబడాలి? ఎవరినీ అడగడానికి లేదు, నోరు విప్పకూడదాయె. వెళ్లి కిటికీ పక్కన నిలబడ్డాను. కాసేపు నిలబడితే చచ్చినావిడ సొమ్మేం పోతుంది?

మందులాయన నా వెనక గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఓడ మాస్టారు చూశాడు. చేతులు కిందికి దించబోయి, మళ్లీ ఎత్తాడు.

ఆకాశాన్ని ఎత్తాను. ఎత్తుతుంటే చేతులు వాటంతటవే తేలికపడ్డాయి. ఊపిరి లోపలికి వచ్చింది. వచ్చింది, వస్తూనే ఉంది, పక్కటెముకలు తెరుచుకున్నాయి, గట్టిపడిందని డాక్టరమ్మ చెప్పిన ఆ అడుగుభాగంలోకి కూడా చల్లగా వెళ్లింది. నాకు తెలియకుండానే కళ్లవెంట నీళ్లు కారాయి. మళ్లీ బతికాను అనిపించింది.

ముగింపు చెయ్యలేదు. స్కూలు పిల్లల బట్టలు కుట్టడానికిచ్చిన యూనిఫాంల ఆయన పొద్దున్నే వస్తానన్నాడు, షట్టరు ముందు నిలబెట్టడం బాగుండదు. చేతులు దింపేసి గబగబా వచ్చేశాను. షాపు మెట్లన్నీ ఆగకుండా ఎక్కాను!

యూనిఫాంల ఆయన మధ్యాహ్నం వచ్చాడు.

నవంబరు 20

నా సున్నా ఇంకా తడిగానే ఉంది. కిటికీ దగ్గరే నిలబడ్డాను. ముగింపు రేపు చేస్తాను. దారం కొనాలి.

నవంబరు 22

స్తంభం దగ్గర ఆరింది. అయినా అక్కడ గాలాడదు కదా. ముగింపు టైముకి తుమ్ము వచ్చేలా ఉందని బయటికి వచ్చేశాను.

నవంబరు 25

ముగింపు పెద్ద విషయం కాదేమో. ఊపిరి వస్తున్నప్పుడు తలుపెందుకు వెయ్యడం?

ఇవాళ ఇంట్లో ఒక గమ్మత్తు. బావ స్నానానికి పోతూ చొక్కా మళ్లీ తలమీంచి లాగాడు. నాకిప్పుడు నిండుగా ఊపిరుంది. ఇన్ని నెలల బాకీ ఒక్కసారే తీర్చేద్దామని గుమ్మంలో నడుంమీద చెయ్యివేసి నిలబడ్డాను. పెద్ద ఊపిరి తీసుకున్నాను. "ఆ చొక్కా ఇలా ఇవ్వండి," అన్నాను.

"ఇవ్వండేంటే?" అని బావ పడీపడీ నవ్వాడు. "నాకు ఇంత మర్యాద పడదు, అజీర్తి చేస్తుంది."

నేనూ నవ్వాను. తిట్టు ఎందుకు రాలేదో తెలియలేదు.

నవంబరు 29

టీలో చక్కెర వేసుకున్నాను. నాకు చక్కెర టీ అంటే వాంతి. ఇవాళ రెండు చెంచాలు వేసుకుని చప్పరిస్తూ తాగాను.

డిసెంబరు 1

శీతాకాలం వస్తోంది కదా అని నాకోసం ఒక కోటు మొదలుపెట్టాను. నా కొలతల అట్ట ఎన్నో ఏళ్లుగా గోడకి వేలాడుతోంది. దాన్నిబట్టి కత్తిరించి కుట్టి వేసుకుంటే కుడివైపు ముడతలు పడింది. నేను తప్పు కత్తిరించానా? నేనా?

కాజాలక్క చేత టేపు పట్టించాను. కుడి భుజం ఎడమదానికంటే అర అంగుళం కిందికి ఉంది. మళ్లీ కొలిపించాను. అంతే ఉంది.

"మిషను మీద వంగి వంగి అయ్యుంటుందిలే," అంది కాజాలక్క. కానీ టేపు చుట్టి జేబులో పెట్టుకుంటూ నా మొహం అదోలా చూసింది. "నువ్వీమధ్య నన్ను 'రండి, కూర్చోండి' అంటున్నావు, తెలుసా? మొన్నటి దాకా 'ఏం తల్లీ, ఇప్పుడా రావడం' అనేదానివి."

మిషను మీద వంగే అయ్యుంటుంది.

డిసెంబరు 4

మందులాయన షాపుకి వచ్చాడు. చేతిలో బూడిదరంగు ఉన్ని కోటు.

"మా ఆవిడది," అన్నాడు. "ఊరికే పడుంది. ఎవరికైనా సరిపోయేలా చెయ్యగలరేమోనని." కాసేపు దారాల అర వైపు చూసి మెల్లగా అన్నాడు, "మీరు వెనకనుంచి అచ్చం మా ఆవిడలా నిలబడతారండీ. కళ్లు మూసి తెరిస్తే ఆవిడే. అందుకే నేనిప్పుడు కళ్లు మూసి తెరుస్తూ ఉంటాను."

నేనైతే "కసరత్తుకి వచ్చారా, ఆడవాళ్ల వీపులు చూడ్డానికి వచ్చారా" అని కడిగేసేదాన్ని. "మాత్రలు వేసుకున్నారా?" అని అడిగాను. ఆయన కళ్లనిండా నీళ్లు పెట్టుకుని తలూపి వెళ్లిపోయాడు.

ఏం మాత్రలు? నాకేం తెలుసు?

కోటు తిరగేసి చూశాను. మంచి పనివాడే కుట్టాడు. కుడి భుజం లోపల అదనంగా దూది అట్ట వేసి ఎత్తు సరిచేశాడు. ఆవిడకి కుడి భుజం జారుడన్నమాట. మందుల పెట్టెలు మోసి మోసి అయ్యుంటుంది. కాజాలక్క భోజనానికి వెళ్లాక వేసుకుని చూశాను. భుజం, నడుం, చేతి పొడవు, మెడ. ఒక్క కుట్టు విప్పక్కర్లేదు. ఒకరి కోటు ఇంకొకరికి ఇలా సరిపోవడం ఇన్నేళ్ల పనిలో నేను చూడలేదు.

విప్పడానికి చాలాసేపు పట్టింది. గుండీలు గట్టివి.

డిసెంబరు 6

చక్కటి ఉదయం. ఊపిరి నిండుగా ఉంది.

ఈ ఇంటాయన మంచివారు. మోటార్లు బాగుచేస్తారట. పొద్దున టీ పెట్టి ఇచ్చారు. అందులో చక్కెర వెయ్యలేదు. నేను వేసుకుంటానని వారికి తెలియదు కాబోలు. అడగడం బాగుండదని అలాగే తాగేశాను. వారి చొక్కాకి గుండీలు లేవు. ఎవరూ చూసుకునేవాళ్లు లేనట్టున్నారు, పాపం.

డిసెంబరు 7

నిన్నటి పేజీ ఎవరు రాశారు?

చెయ్యి నాదే. పెన్ను నాదే. అక్షరాలు మాత్రం కుడివైపుకి వాలి ఉన్నాయి. ఈ ఇంటాయనట! ఎవరూ చూసుకునేవాళ్లు లేరట! నా మొగుడు! వాడి చొక్కాకి గుండీ లేకపోతే అది నా ఇష్టం, నా కోపం, మధ్యలో దీని జాలి ఎవడిక్కావాలి?

బావని ఏమేం తిట్లు తిట్టేదాన్నో వరసగా రాద్దామని కూర్చున్నాను. బుద్ధి లేని వెధవ. ఇంకా? చాలా ఉండాలి. మా అమ్మమ్మ నేర్పినవే సంచీడు ఉండాలి. ఒక్కటీ గుర్తు రావడం లేదు.

ఓడ మాస్టారు ఇంటికి వెళ్లాను. మేడమీద వరండాలో కూర్చుని ఉన్నాడు, నేను వస్తానని తెలిసినట్టే. అంతా చెప్పాను.

"ఆవిడ చేతులు పైకెత్తి ఉండగా పోయిందమ్మా," అన్నాడు. "ముగింపు కాలేదు. ఆ మర్నాడే ఎవరైనా ఆ చోట్లో నిలబడి ఆవిడ బదులు చేతులు దించి ఉండాల్సింది. ఆయన వద్దని బతిమాలాడు. ఊపిరైనా ఉండనివ్వండి మాస్టారూ అన్నాడు. నేను కాదనలేకపోయాను."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"మీరు అక్కడే నిలబడి ముగింపు చెయ్యండి. చేస్తే ఆవిడ వెళ్తుంది. ఆ ఊపిరి కూడా ఆవిడతో వెళ్తుంది. అది మీది కాదు."

"చెయ్యకపోతే?"

"ఒక మనిషిలో ఇద్దరు ఎన్నాళ్లుంటారమ్మా? ఎవరో ఒకరు సర్దుకుని బయటికి నడవాలి. ఆవిడ నెమ్మదైన మనిషి, తోసుకుంటూ రాదు. కానీ మీరే రోజూ తలుపు తెరిచి పక్కకి జరుగుతున్నారు."

తిరిగొస్తూ ఆయన మేడమెట్లు ఆగకుండా దిగాను. దిగి, రోడ్డు దాటి, మలుపు తిరిగి, ఎక్కడా ఆగలేదు. ఈ ఊపిరి పోతే మళ్లీ మెట్ల మధ్యలో నోరు తెరుచుకుని నిలబడాలి. ఒళ్లు మొత్తం గాలి కోసం ఏడవడం ఎలా ఉంటుందో మాస్టారుకి ఏం తెలుసు? చెప్పేవాళ్లకి ఏం, చెప్తారు.

రేపు చేస్తాను.

డిసెంబరు 8

చలి ఎక్కువగా ఉంది. ఇంత చలిలో ఊపిరి తగ్గితే ప్రమాదం. రేపు.

డిసెంబరు 9

ఇంకొక్క వారం ఉంచుకుంటే ఎవరికేం నష్టం?

డిసెంబరు 11

ఇది రాసి తీరాలి, నేను నేనుగా ఉండగానే రాయాలి.

పొద్దున క్లాసు అయ్యాక షాపుకి బయల్దేరాను. అంతవరకూ గుర్తుంది. తర్వాత తెలివి వచ్చేసరికి నా ముందు గాజు బల్ల ఉంది. పై అరలోంచి మాత్రల అట్ట తీసి ఒక పెద్దాయన చేతిలో పెడుతున్నాను. నేను మందుల షాపు బల్లకి ఇవతల, లోపలివైపు నిలబడి ఉన్నాను.

పెద్దాయనకి చూపు ఆనదు. అట్టని కళ్ల దగ్గర పెట్టుకుని తడిమి, "ఇదేనమ్మా. నువ్వైతే అడగకుండానే తీస్తావు," అన్నాడు. "కనపడి చాలా రోజులైందేం? ఊళ్లో లేవా?"

వెనక్కి చూశాను. మందులాయన స్టూలుమీద కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన రెండు కప్పుల టీ. ఒకదాని పక్కన చక్కెర డబ్బా. నన్ను ఆపలేదు. ఇది తప్పు, మీరు వేరే మనిషి అని ఒక్క మాట అనలేదు. చల్లారిపోతుంది తాగు అన్నట్టు కప్పు కొంచెం ఇటు జరిపాడు.

కాళ్లు పరిగెత్తాయి. ఒక్కచోటా ఆయాసం రాలేదు. అదే భయంగా ఉంది.

డిసెంబరు 12

బావకి చెప్పాను. నమ్ముతాడనుకోలేదు. నవ్వుతాడనుకున్నాను.

నవ్వలేదు. లేచి బీరువా తెరిచి మంచి చొక్కా తీశాడు. నేను కుట్టినదే, ఆకుపచ్చ గీతలది. తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుని నా ముందు నిలబడ్డాడు. నన్నే చూస్తూ ఒక్కసారిగా తలమీంచి లాగేశాడు. గుండీలన్నీ తెగి గదినిండా చెల్లాచెదురయ్యాయి.

"తిట్టవే," అన్నాడు.

నోరు తెరిచాను. "ఫరవాలేదండీ," అన్నాను. "నేను కుట్టిపెడతాను."

"అండీ లేదు, గిండీ లేదు. ఒక్కసారి తిట్టవే. సగమే తిట్టు, మిగతాది నేను చూసుకుంటాను. ఆయాసపడితే పడ్డావు, దగ్గితే దగ్గావు, ఇల్లంటే ఇల్లులా ఉండేది. ఇప్పుడు ఎవరింటికో వచ్చి కూర్చున్నట్టుందే నాకు." మంచంమీద కూలబడి చొక్కాని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బావ ఏడవగా చూడటం ఇదే మొదటిసారి.

నాకూ ఏడవాలని ఉంది. లోపల ఎక్కడో నేను గుండెలు బాదుకుంటున్నాను. బయట మాత్రం వంగి ఒక్కొక్క గుండీ ఏరి అరచేతిలో పెట్టుకున్నాను, చప్పుడు కాకుండా, మర్యాదగా.

రేపు. ఈసారి నిజంగా రేపు.

డిసెంబరు 13

బావ నాతో హాలుకి వచ్చాడు. నిన్నటి చొక్కానే వేసుకున్నాడు, గుండీల్లేకుండా, రెండంచులు చేత్తో పట్టుకుని. నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. వాడు నా దగ్గరికి రాలేదు. స్తంభం పక్కన ఖాళీగా ఉన్న నా సున్నా వెనక్కి వెళ్లి నిలబడి దానివైపే చూస్తున్నాడు.

ఎవరో కొత్తాయన వచ్చి ఆ సున్నాలో అడుగుపెట్టబోయాడు. పక్కావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడ వద్దండీ," అంది గొంతు తగ్గించి. "అది ఒకావిడ చోటు."

మందులాయన భార్య గురించి కూడా వీళ్లు ఇదే గొంతుతో చెప్పేవారు. నేను అదే గదిలో ఉన్నాను. నావైపు ఒక్కరూ చూడలేదు.

మొదలైంది. ఆకాశం ఎత్తాం, విల్లు లాగాం, మబ్బులు నెట్టాం. ఊపిరి ఎంత తియ్యగా వచ్చిందో రాయలేను. చివరిసారి అని తెలిసి పిసినారిలా తాగాను. ముగింపు వచ్చింది. చేతులు రెండూ తలమీదికి ఎత్తాను.

అక్కడ ఆగిపోయాయి. దిగలేదు. నా చేతులకి నా మాట తెలియనట్టు పైనే ఉండిపోయాయి. అందరి చేతులూ మొహాలు దాటి, గుండెలు దాటి, బొడ్డు దగ్గరికి చేరాయి. నావి మాత్రం పైనే. భుజాలు పీకుతున్నాయి. ఆవిడ ఆగిన చోటు ఇదేనని అర్థమైంది.

వెనకనుంచి మందులాయన గొంతు వచ్చింది. హాల్లో ఎవరూ మాట్లాడని టైములో. "వద్దండీ. దించకండి. ఇంకొక్క రోజు."

ఆ గొంతు విని నా గుండె కరిగింది. అబద్ధం ఎందుకు రాయాలి? ఆయన కోసమే కాదు, ఊపిరి కోసం కూడా. ఒక్క రోజే కదా అనుకున్నాను. స్తంభం వైపు చూశాను. బావ నన్ను కాదు, ఆ ఖాళీ సున్నానే చూస్తున్నాడు. చొక్కా అంచులు వదిలేశాడు, అవి ఇటూ అటూ వేలాడుతున్నాయి.

అప్పుడు నా నోరు విడింది.

"ఇంక చాలండీ," అన్నాను. "ఏడాదినుంచి చేతులు ఎత్తే ఉన్నాయి. నొప్పిగా ఉందండీ."

ఆ మాట నాది కాదు. గొంతు కూడా నాది కాదు. వెనక ఆయన ఏడుపు వినిపించింది. ఏడుస్తూనే, "సరే," అన్నాడు. "సరేనమ్మా. దించు."

చేతులు దిగాయి. మొహం ముందునుంచి, గుండె ముందునుంచి. నా వేళ్లమీద ఇంకెవరివో చల్లటి వేళ్లు ఉన్నాయి, బొడ్డు దగ్గరికి వచ్చేదాకా ఉన్నాయి. ఊపిరి బయటికి వెళ్లడం మొదలైంది. వెళ్తూనే ఉంది. నా రెండు ఊపిరితిత్తులు కలిపినా పట్టనంత గాలి నాలోంచి వెళ్లింది. కిటికీ అద్దం నాకు చెయ్యి చాపినా అందదు, అయినా దానిమీద తెల్లగా ఆవిరి పట్టింది. పట్టి, మెల్లగా ఆరిపోయింది.

తర్వాత లోపలికి లాగాను. కొంచెమే వచ్చింది. గొంతు దాకా వచ్చి ఆగింది. పాత తలుపు పాత చోటే మూసుకుంది.

మందులాయన నన్ను పక్కకి జరగమని కూడా అనకుండా వచ్చి ఆ సున్నాలో నిలబడ్డాడు. చేతులు ఎత్తాడు. చాలాసేపు ఎత్తి ఉంచాడు. "ఏమీ లేదు మాస్టారూ," అన్నాడు. "మామూలు నేల." మాస్టారు వెళ్లి ఆయన చేతులు పట్టుకుని తానే కిందికి దించాడు.

నేను గోడ పట్టుకుని బయటికి వచ్చాను. మేడమెట్లు దిగుతుంటేనే ఆయాసం వచ్చేసింది. మధ్య మెట్టుమీద ఆగాను, మళ్లీ ఆగాను, ఇక కూలబడ్డాను. కళ్లు బైర్లు కమ్మాయి. బావ పక్కన కూర్చున్నాడు. నా మొహంలోకి భయం భయంగా చూశాడు. ఎవరున్నారో లోపల, అడగాలని ఉంది, అడగలేడు.

వాడి చొక్కా చూశాను. ఆకుపచ్చ గీతలు. కుడి ముందు పట్టీ మీద గుండీలతోపాటు గుడ్డ కూడా ఊడొచ్చింది, చిల్లులు పడ్డాయి. రెండు రోజులు కూర్చుని కుట్టిన చొక్కా. అడుగునుంచి మంట లేచింది.

"గుడ్డ కూడా... చింపేశావు కదరా బావా," అన్నాను. గాలి అందలేదు. మళ్లీ పీల్చాను. "చొక్కా అంటే నీకు... నాలుగు గుండీలు విప్పడానికి చేతులు... బుద్ధి లేని..."

అంతే. ఊపిరి అయిపోయింది. నోరు తెరుచుకుని గాలికోసం చూస్తూ ఉండిపోయాను.

బావ రెండు చేతులతో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"వెధవా," అని పూర్తిచేశాడు.